వాగ్దేవి ఊరికి వచ్చిన వినపడని పిల్ల

🙏 శ్రీ మాత్రే నమః 🙏

అమెరికాలో శనివారం పొద్దున్నే కాఫీ కప్పుతో ఫోను తెరిచినవారికీ, గల్ఫ్‌లో డ్యూటీ దిగి గదికి చేరినవారికీ, లండన్‌లో రైల్లో నిలబడి చదువుకుంటున్నవారికీ అమ్మవారి అనుగ్రహం కలగాలి.

కిందటి భాగంలో నవవిధ భక్తి గురించి చెప్పుకున్నాం. ప్రహ్లాదుడు తండ్రికి చెప్పిన తొమ్మిది భక్తి మార్గాల్లో మొదటిది శ్రవణం. అది చదివిన ఒక తల్లి ఇలా అడిగింది: “మా పాపకి పుట్టుకతోనే వినపడదండీ. మొదటి మెట్టు శ్రవణమే అయితే మా పాప ఆ మెట్లు ఎక్కలేదా? భగవంతుడి ఇంట్లో దానికి చోటు లేదా?”

ఈ ప్రశ్నకి ఒక్క ముక్కలో “ఉందమ్మా” అని చెప్పేసి తప్పించుకోవచ్చు. కానీ ఆ తల్లి అడిగింది ఓదార్పు కోసం కాదు, చోటు కోసం. చోటు ఉందని చెప్పేవాళ్ళు ఆ చోటు ఎక్కడో కూడా చూపించాలి కదా. అందుకే ఈ వారం భాగం అంతా దీని గురించే. కాస్త తీరిగ్గా చదవండి.

ముందు ఒక పిల్ల కథ. ఇది పురాణం కాదు. మన కళ్ళ ముందు జరిగింది, పేపర్లలో వచ్చింది.

సుమారు పాతికేళ్ళ కిందట పాకిస్తాన్‌లోని లాహోర్‌లో, అప్పట్లో మన దేశం నుంచి వెళ్ళే సంఝౌతా ఎక్స్‌ప్రెస్ రైల్లో ఒక చిన్నపిల్ల ఒంటరిగా కూర్చుని కనిపించింది. పేరు అడిగితే చెప్పలేదు. ఊరు అడిగితే చెప్పలేదు. ఆ పిల్లకి వినపడదు, మాట్లాడలేదు. ఏ రైలు ఎక్కిందో, ఎందుకు ఎక్కిందో, ఎవరి చెయ్యి జారి వచ్చిందో చెప్పడానికి ఆమె దగ్గర మాటలు లేవు. ఎటు చూసినా పరాయి మనుషులు, పరాయి దేశం.

చివరికి ఆ పిల్ల కరాచీలోని ఈధీ సంస్థకి చేరింది. అబ్దుల్ సత్తార్ ఈధీ, ఆయన భార్య బిల్కీస్ ఈధీ నడిపిన సేవాసంస్థ అది. వాళ్ళ కేంద్రాల బయట ఊయలలు పెట్టి ఉంచుతారు. బిడ్డని పెంచలేనివాళ్ళు ఎవరైనా ఆ ఊయలలో పడుకోబెట్టి వెళ్ళొచ్చు, ఎవరూ ఏమీ అడగరు. అలాంటి చోటికి వచ్చిందా పిల్ల. మొదట ఫాతిమా అని పిలిచారు. తర్వాత ఆమె అలవాట్లు, చేసే సైగలు గమనించి, ఈ బిడ్డ హిందువుల ఇంటి పిల్ల అని బిల్కీస్ గ్రహించారు. గీత అని పేరు మార్చారు. ఆ పిల్ల కోసం తమ కేంద్రంలోనే దేవుడి పటాలతో ఒక పూజగది ఏర్పాటు చేశారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆ పిల్ల నోటితో “నేను హిందువుని” అనలేదు. అనలేదు కాబట్టి ఎలా పెంచినా అడిగేవాళ్ళు లేరు. అయినా ఆ తల్లి ఆ బిడ్డ చేతులు చూసింది. చేతులు చెప్పిన మాట నమ్మింది. తనది కాని పూజగదిని తన ఇంట్లో కట్టింది. దయచేసి దీన్ని రాజకీయం చెయ్యకండి. ఆ తల్లి చేసిన పని మాత్రం చూడండి. ఎదుటి మనిషిని వినడం అంటే అది.

2015లో ఈ సంగతి మన దేశంలో బాగా ప్రచారంలోకి వచ్చింది. అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ గారు చొరవ తీసుకున్నారు. ఆ ఏడాది అక్టోబర్ 26న గీత భారతదేశంలో అడుగుపెట్టింది. మన ప్రధాని ఈధీ సంస్థకి కోటి రూపాయలు ఇస్తామని ప్రకటిస్తే, ఈధీ గారు కృతజ్ఞతలు చెప్పి వద్దన్నారు.

కథ అక్కడితో సుఖాంతం అయితే బాగుండేది. ఫొటో చూసి తనవాళ్ళే అని గీత గుర్తుపట్టిన బీహారు కుటుంబంతో డీఎన్‌ఏ పరీక్ష కలవలేదు. “మా పిల్లే” అంటూ తెలంగాణతో సహా అనేక రాష్ట్రాల నుంచి కుటుంబాలు ముందుకొచ్చాయి. ఒక్క పిల్ల కోసం అన్ని ఇళ్ళు తలుపులు తీశాయంటే, మన దేశంలో ఎంతమంది తల్లులు తప్పిపోయిన బిడ్డ కోసం ఎదురుచూస్తున్నారో ఆలోచించండి. గీత మధ్యప్రదేశ్‌లోని ఇండోర్‌లో ఉండేది. సంజ్ఞా భాష తెలిసినవాళ్ళు ఆమెతో కూర్చుని, ఆమె జ్ఞాపకంలో మిగిలినవి ఒక్కొక్కటీ ఓపికగా ఏరుకున్నారు. ఒక రైల్వే స్టేషను. ఒక నది. ఒక గుడి. అంతే. ఈ మూడు గుర్తులు పట్టుకుని ఊళ్ళు వెతికారు.

అలా వెతుకుతూ 2020 డిసెంబరులో మహారాష్ట్రలోని నాందేడ్ వైపు వచ్చారు. అక్కడి నుంచి గోదావరి వెంట మన తెలంగాణలోని బాసరకీ వచ్చారు.

బాసర! మన పిల్లలకి అక్షరాభ్యాసం చేయించే ఊరు. పలకా బలపం పట్టుకుని, పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని “ఓం” దిద్దించే ఊరు. అమెరికా నుంచి సెలవలకి వచ్చి మరీ క్యూలో నిలబడే ఊరు. సాక్షాత్తు వాగ్దేవి కొలువున్న ఊరు. మాటల తల్లి ఊళ్ళోకి, ఒక్క మాటా లేని పిల్ల, తన తల్లిని వెతుక్కుంటూ వచ్చింది.

2021 మార్చిలో బిల్కీస్ ఈధీ గారు ఒక కబురు చెప్పారు: గీతకి కన్నతల్లి మహారాష్ట్రలో దొరికింది, ఆ పిల్ల అసలు పేరు రాధ. ఆ మరుసటి ఏడాది బిల్కీస్ గారు కన్నుమూశారు.

ఫాతిమా, గీత, రాధ. మూడు పేర్లు. ఆ మూడింటిలో ఒక్కటి కూడా ఆ అమ్మాయి చెవిన పడలేదు.

🌺 వాక్కు అంటే శబ్దమేనా?

ఇప్పుడు శాస్త్రం ఏం చెబుతుందో చూద్దాం. వాక్కు నాలుగు రకాలని మన పెద్దలు చెప్పారు: పరా, పశ్యంతి, మధ్యమ, వైఖరి. నోటి నుంచి బయటికి వచ్చి చెవికి వినపడేది వైఖరి ఒక్కటే. ఋగ్వేదం కూడా వాక్కుకి నాలుగు పాదాలున్నాయనీ, మూడు గుహలో దాగి ఉంటాయనీ, మనుషులు పలికేది నాలుగో పాదం మాత్రమేననీ చెబుతుంది. అంటే మనం పొద్దున్న లేచిన దగ్గర్నుంచి మాట్లాడే మాటలన్నీ కలిపితే సరస్వతీదేవిలో పావు వంతు. మిగతా ముప్పాతిక వంతుకి శబ్దంతో పని లేదు.

రెండో పాదం పేరు చూడండి, పశ్యంతి. చూసేది అని అర్థం. వాక్కు వినపడే ముందు కనపడుతుందన్నమాట.

ఇంకో సంగతి. వేదాన్ని మనం శ్రుతి అంటాం, విన్నది కాబట్టి. మరి వేదాన్ని మొదట అందుకున్న ఋషుల్ని ఏమంటాం? మంత్రద్రష్టలు అంటాం. ద్రష్ట అంటే చూసినవాడు. వాళ్ళు చూశారు, మనం వింటున్నాం. మనం గుడికి ఎందుకు వెళ్తాం? “దర్శనం చేసుకోవడానికి” అంటాం. ఎవ్వరమూ “శ్రవణం చేసుకోవడానికి వెళ్తున్నా” అనం.

దక్షిణామూర్తిని తలుచుకోండి. మర్రిచెట్టు కింద కూర్చున్న ఆ గురువు నోరు విప్పలేదు. ఆయన చుట్టూ ఉన్న వృద్ధ మునుల సందేహాలు తీరిపోయాయి. ఎలా? చిన్ముద్రతో. చూపుడువేలు వంచి బొటనవేలికి ఆనించి, మిగతా మూడు వేళ్ళూ చాచి చూపించాడు. జీవుడూ దేవుడూ ఒకటేననే సత్యం మొత్తం ఆ చేతిలో ఉంది. ఆదిగురువు ఎంచుకున్న పద్ధతిని చూసి “అబ్బే, ఉత్త సైగలేగా” అని ఎవరైనా అనగలమా? మన కూచిపూడిలో కూడా అంతే కదా, కథంతా చేతులూ కళ్ళే చెబుతాయి.

కాబట్టి అడిగిన తల్లికి ఇదీ జవాబు. అమ్మా, శ్రవణం అంటే చెవిలో శబ్దం పడడం కాదు. భగవంతుడి కథ మనసులోకి వెళ్ళడం. చెవి ఉండీ హరికథ జరుగుతుంటే ఫోను చూసుకునేవాడికి శ్రవణం జరగలేదు. మీ పాపకి మీరు చేతులతో గజేంద్రమోక్షం చెబితే, మడుగులో మొసలి పట్టుకోవడం, ఏనుగు తొండమెత్తి పిలవడం, స్వామి పరుగున రావడం పాప కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తే, అదే శ్రవణం. మొదటి మెట్టు మీ పాపకి ఉంది. కాకపోతే ఆ మెట్టు మీ చేతుల్లో ఉంది. మీరు చెయ్యి కదిపితేనే పాప ఎక్కగలదు.

ఇక్కడే అసలు బరువు మన మీదకి వస్తుంది.

🌺 సొంత ఇంట్లో తప్పిపోయిన పిల్లలు

గీత రైలెక్కి తప్పిపోయింది. ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చునే తప్పిపోయే పిల్లలు కూడా ఉన్నారు.

అమెరికా లెక్కల ప్రకారం, వినపడని పిల్లలు పదిమంది ఉంటే వాళ్ళలో తొమ్మిది మందికి పైగా వినపడే తల్లిదండ్రులకే పుడతారు. అంటే చాలామంది పిల్లలకి తమలాంటి మనిషి ఇంట్లో ఉండడు. తల్లిదండ్రులకి పాప పుట్టేదాకా సంజ్ఞా భాష ఒకటి ఉందనే తెలీదు. ఇక మన తెలుగువాళ్ళ ఇళ్ళు చూడండి. అమ్మమ్మతో తెలుగు, బయట ఇంగ్లీషు, ఆ పిల్లకి స్కూల్లో అమెరికన్ సంజ్ఞా భాష. ఆదివారం నాలుగు కుటుంబాలు భోజనానికి కలుస్తాయి. బాబాయి ఏదో జోకు వేస్తాడు, అందరూ పడీపడీ నవ్వుతారు. ఆ పిల్ల అమ్మ చెయ్యి లాగి “ఏంటి?” అని సైగ చేస్తుంది. అమ్మ “ఏం లేదులే, తర్వాత చెప్తా” అంటుంది. ఆ తర్వాత ఎప్పటికీ రాదు. కాసేపటికి పిల్ల లేచి టాబ్లెట్ పట్టుకుని మేడ మీదకి వెళ్ళిపోతుంది. “మా పిల్ల బుద్ధిమంతురాలండీ, అల్లరే చెయ్యదు” అని మనం మురిసిపోతాం.

ఆ పిల్లకి అన్నం ఉంది, గది ఉంది, బొమ్మలున్నాయి, కన్న తల్లిదండ్రులున్నారు. కరాచీలో గీతకి కన్నవాళ్ళు లేరు గానీ, చేతులు చూసి మనసు చదివే ఒక తల్లి ఉంది. ఈ ఇద్దరిలో ఎవరికి ఇల్లు ఉన్నట్టు?

కర్ణుణ్ణి తలుచుకోండి. కన్నది కుంతి, పెంచింది రాధ. యుద్ధానికి ముందు కృష్ణుడు జన్మరహస్యం చెప్పి, నువ్వు పాండవుల్లో పెద్దవాడివి, రాజ్యం నీదే అన్నాడు. కర్ణుడు వెళ్ళలేదు. నన్ను చూడగానే పాలు చేపి, నా మలమూత్రాలు ఎత్తి పెంచిన రాధకి పిండం పెట్టకుండా ఎలా వదిలిపెడతాను అన్నాడు. రాధేయుడు అనే పేరునే చివరిదాకా మోశాడు. యశోద సంగతి సరేసరి. దేవకి కన్న కృష్ణుణ్ణి లోకం యశోదా తనయుడనే పాడుకుంటుంది. రక్తం ఇల్లు ఇస్తుంది. ఆ ఇల్లు మనదని అనిపించేది మాత్రం మనతో గడిపిన సమయం, మన కోసం పడిన కష్టం.

🌺 “పూర్వజన్మ కర్మ” అనే ముందు

మనవాళ్ళు కలిసినప్పుడు, మంచి మనసుతోనే, ఒక మాట అనేస్తూ ఉంటారు: “ఏం చేస్తాం చెప్పండి, ఏ జన్మలో ఏం చేసుకుందో.” ఆ మాట అన్నవాళ్ళు ఇంటికెళ్ళి నిద్రపోతారు. విన్న తల్లికి ఆరు నెలలు నిద్ర ఉండదు.

కర్మ సిద్ధాంతం అద్దం లాంటిది. మన ముఖం మనం చూసుకుని దిద్దుకోవడానికి ఇచ్చారు. దాంతో ఎదుటివాడి నెత్తి మీద కొట్టకూడదు. కర్మ గతి చాలా గహనమైనదని గీతలో భగవానుడే చెప్పాడు. ఆయనే గహనం అన్నదాన్ని మనం పాట్‌లక్‌లో పులిహోర వడ్డించుకుంటూ తేల్చేస్తామా? వినికిడి లేకపోవడానికి డాక్టర్లకి తెలిసిన కారణాలు చాలా ఉన్నాయి: జన్యువులు, గర్భంలో ఉండగా తల్లికి సోకిన రుబెల్లా లాంటి జబ్బులు, నెలలు నిండకుండా పుట్టడం, మెనింజైటిస్. వీటిలో ఏదీ ఆ తల్లి పాపం కాదు, ఆ బిడ్డ పాపం కాదు. ఆ బిడ్డ మన గుంపులోకి వచ్చాక మనం ఎలా ఉన్నామన్నది మాత్రం తప్పకుండా మన కర్మ ఖాతాలోకే వెళ్తుంది.

ఇంకోటి. మన కథల్లో మాట రాని పిల్లలు చివర్లో మాట్లాడేస్తారు. కంచి కామాక్షి అనుగ్రహంతో మూకకవి నోట అయిదు వందల శ్లోకాలు పొంగాయంటారు. మూగవాడనుకున్న పిల్లవాణ్ణి తండ్రి శంకరాచార్యుల దగ్గరికి తెస్తే, నువ్వెవరని ఆయన అడగ్గానే ఆత్మతత్త్వం పలికాడు, హస్తామలకుడయ్యాడు. ఇవి గొప్ప కథలే. భక్తితో చదువుదాం. అయితే వినపడని పిల్ల తల్లికి ఈ కథలు మాత్రమే పదే పదే ఫార్వర్డ్ చేస్తే, ఆ ఇంటికి చేరే సందేశం ఒకటే: మాట వస్తేనే దేవుడు కరుణించినట్టు, రాకపోతే కరుణించనట్టు. అది తప్పు. శంకరులు చేసిన పనిలో ఇంకోటి కూడా ఉంది, అది గమనించండి. ఇంట్లోవాళ్ళు జడుడు అనుకున్న పిల్లవాణ్ణి ఆయన నేరుగా ప్రశ్న అడిగారు. వాడికి లోపల ఏదో ఉందని నమ్మి అడిగారు. మనం సాధారణంగా ఏం చేస్తాం? పిల్ల పక్కనే నిలబడి ఉంటే, “పాప ఏ క్లాసండీ?” అని తల్లిని అడుగుతాం.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని మనకో సామెత. శంఖం ఊదితే, దాన్ని కొరుకుతున్నావా అని అడిగాడట. తరతరాలుగా మనం చెవిటివాణ్ణి చూసి నవ్వుకున్నాం. తప్పెవరిది? వినపడదని తెలిసీ ఊదినవాడిది కాదూ? చెయ్యి పట్టుకుని ఆ శంఖం అతని అరచేతిలో పెట్టి ఊదితే అదురు తెలిసేది.

🌺 లోకం మారింది, మనమూ మారాలి

నిజాయితీగా మాట్లాడుకుందాం. పాత ధర్మశాస్త్రాలు పుట్టుకతో వినపడనివారికి ఆస్తిలో భాగం లేదన్నాయి. అన్నవస్త్రాలు మాత్రం తప్పకుండా ఇవ్వాలన్నాయి. ఆ నియమాన్ని మన దేశంలో 1928 నాటి చట్టం సడలించింది, 1956 హిందూ వారసత్వ చట్టం అంగవైకల్యం కారణంగా ఎవరికీ వాటా పోదని స్పష్టంగా చెప్పింది. స్మృతులు కాలాన్ని బట్టి మారతాయి, మారాలి. సర్వభూతాల్లోనూ ఈశ్వరుణ్ణి చూడాలన్న మూలం మారదు.

మనమే కాదు, లోకమంతా తప్పటడుగులు వేసింది. 1880లో ఇటలీలోని మిలాన్ నగరంలో ఉపాధ్యాయులు సభ పెట్టి, బధిరుల బడుల్లో సైగలు వద్దు, నోటి మాటే నేర్పాలని తీర్మానించారు. దాంతో ఎన్నో దేశాల్లో తరతరాల పిల్లలు తమ భాష పోగొట్టుకున్నారు. 2010లో కెనడాలోని వాంకూవర్‌లో జరిగిన మహాసభ ఆ తీర్మానాలు తప్పని ప్రకటించి విచారం తెలిపింది. 130 ఏళ్ళు పట్టింది! ఇవాళ సెప్టెంబర్ 23న ప్రపంచమంతా సంజ్ఞా భాషల దినోత్సవం జరుపుతున్నారు. బ్రిటన్ 2022లో బ్రిటిష్ సంజ్ఞా భాషకి చట్టబద్ధమైన గుర్తింపు ఇచ్చింది. దక్షిణాఫ్రికా 2023లో తమ సంజ్ఞా భాషని 12వ అధికార భాష చేసింది. మన దేశంలో 2015 నుంచి భారతీయ సంజ్ఞా భాషకి ఢిల్లీలో ప్రత్యేక పరిశోధన, శిక్షణ కేంద్రం ఉంది. వాషింగ్టన్‌లోని గాలాడెట్ విశ్వవిద్యాలయం 1864 నుంచి బధిర విద్యార్థులకి ఉన్నత చదువు చెబుతోంది.

అమెరికాలో ఉన్నవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. అక్కడి వికలాంగుల చట్టం 1990లో వచ్చింది. ఆసుపత్రి అయినా, సినిమా హాలు అయినా వినపడనివారికి తగిన ఏర్పాటు చెయ్యాలి. కానీ మత సంస్థలకి ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. అంటే మన గుడిలో సంజ్ఞా భాష తెలిసిన మనిషిని పెట్టమని చట్టం అడగదు. చట్టం అడగని చోటే ధర్మం మొదలవుతుంది. సినిమా హాల్లో దొరికే మర్యాద ఆ పిల్లకి దేవుడి గుడిలో దొరక్కపోతే, మనం కట్టిన రాజగోపురం ఎంత ఎత్తుంటే ఏం లాభం?

🌺 ఈ వారం సాధన

ఉత్త మాటలు చెప్పి వదిలేస్తే సత్సంగం కాదు. ఆచరణలో పెట్టగలిగినవి ఇవీ:

1. మీ ఇంట్లోనో, మీవాళ్ళ ఇంట్లోనో పసిబిడ్డ పుడితే వినికిడి పరీక్ష మానకండి. డాక్టర్లు చెప్పే లెక్క 1-3-6. నెల లోపు పరీక్ష, అనుమానం ఉంటే మూడో నెల లోపు నిర్ధారణ, ఆరో నెల లోపు సాయం మొదలవ్వాలి. “మా మామయ్యకీ నాలుగేళ్ళ దాకా మాటలు రాలేదు, అదే వస్తుందిలే” అని ఊరుకోకండి. అమెరికాలో మూడేళ్ళ లోపు పిల్లలకి ప్రతి రాష్ట్రంలోనూ ప్రభుత్వ సాయ కార్యక్రమం ఉంది, అడగండి.

2. మెషీను పెట్టించాలా, ఆపరేషన్ చేయించాలా అనేది డాక్టరుతో కూర్చుని తల్లిదండ్రులు నిర్ణయించుకోవాలి. బంధువులు తీర్పు చెప్పకండి. ఏది చేసినా బిడ్డకి చిన్నప్పుడే పూర్తిగా అందే భాష ఒకటి కావాలి. సైగలు నేర్పితే మాటలు రావనే భయం వద్దు. భాష ఏ రూపంలో అందినా మెదడుకి అది భాషే.

3. ఇంట్లో తల్లి ఒక్కతే నేర్చుకుంటే చాలదు. నాన్న, అన్న, అమ్మమ్మ, తాతయ్య అందరూ నేర్చుకోండి. వారానికి పది సైగలు పెట్టుకోండి, ఏడాది తిరిగేసరికి అయిదు వందలు దాటతాయి. గుంటూరులో ఉన్న అమ్మమ్మ వీడియో కాల్‌లో “తిన్నావా బంగారూ?” అని చేత్తో అడిగితే, ఆ పిల్ల ఆ రోజంతా ఎంత సంబరపడుతుందో చూడండి. ఒక్క జాగ్రత్త: అమెరికన్ సంజ్ఞా భాష అక్షరాలు ఒంటిచేత్తో, బ్రిటిష్, భారతీయ పద్ధతులు రెండు చేతులతో ఉంటాయి. పిల్ల బడిలో ఏది నేర్చుకుంటుంటే అమ్మమ్మ కూడా అదే నేర్చుకోవాలి.

4. భోజనాల దగ్గర “తర్వాత చెప్తాలే” అనే మాట మానేయండి. ఉపవాసం పట్టినట్టు ఒక్క వారం పట్టి చూడండి. జోకు అయినా, గొడవ అయినా, అప్పుడే చెప్పండి. చిన్నదైనా సరే చెప్పండి. ఏది చిన్నదో ఆ పిల్లని తేల్చుకోనివ్వండి.

5. పెద్దవాళ్ళైన బధిరుల దగ్గరికి పిల్లని తీసుకెళ్ళండి. ఉద్యోగం చేసుకుంటూ, పెళ్ళి చేసుకుని, కారు నడుపుతున్న బధిర వ్యక్తిని చూడని పిల్లకి తన రేపు ఎలా ఉంటుందో తెలీదు. వాళ్ళ సమాజంలో ఒక అందమైన ఆచారం ఉంది. పిల్ల స్వభావం చూసి, చేత్తో పిలిచే ఒక సైగ పేరు పెడతారు. దాన్ని రెండో బారసాల అనుకోండి. ఆ పేరు మీ పాప తన కళ్ళతో వింటుంది. “నా పిల్ల నాకు దూరమవుతుందేమో” అని భయపడకండి. యశోద ఉన్నంత మాత్రాన దేవకి తల్లి కాకుండా పోలేదు.

6. గుడి కమిటీల్లో, బాలవిహార్‌లో, తెలుగు బడిలో ఉన్న పెద్దలకి ఒక విన్నపం. ప్రవచనానికి తెర మీద అక్షరాలు వేయించండి. వినపడనివారిని ముందు వరసలో, చెప్పేవారి ముఖం, చేతులు బాగా కనిపించే వెలుతురులో కూర్చోబెట్టండి. సంవత్సరంలో రెండు మూడు పండగలకైనా సంజ్ఞా భాషలో చెప్పేవారిని పిలవండి. హారతి వేళ ఆ పిల్ల చేతిని డోలు మీద పెట్టించండి. గంట కొట్టే పని కూడా ఇవ్వండి. గంట అదురు చేతికి తెలుస్తుంది, తన సేవా కొంత ఉందన్న సంతోషం మనసుకి తెలుస్తుంది.

ఇంతా చదివాక మీ మనసులో ఏదో ఒక ఇల్లు మెదిలే ఉంటుంది. మీ అపార్ట్‌మెంట్లోనో, మీ ఊరి తెలుగు సంఘంలోనో, మీ అన్నయ్య ఇంట్లోనో. పిక్నిక్‌లకి వాళ్ళు రావడం మానేసి ఎన్నాళ్ళైందో ఒకసారి లెక్కపెట్టండి. ఈ మెసేజ్ వాళ్ళకి ఫార్వర్డ్ చెయ్యకముందు, వాళ్ళ పిల్లకి “నమస్కారం, బాగున్నావా?” అని చెప్పే సైగ మీరు నేర్చుకోండి. నేర్చుకుని వాళ్ళ తలుపు తట్టండి. వాళ్ళని అడిగి ఇంటికి పిలవండి. ఆ పిల్ల పక్కన మీరు కూర్చోండి.

గుడిలో రెండు చేతులూ జోడించినప్పుడు మనం చేస్తున్నది కూడా ఒక సైగే కదా. దానికి శబ్దం లేదు. అయినా స్వామికి అర్థం కాలేదని మనం ఏ రోజూ అనుమానపడలేదు. ఆ చేతుల భాష తెలిసిన అమ్మ, తన ఒడిలో చోటు వెతుక్కునే ప్రతి బిడ్డకీ ఒక ఇల్లు చూపించుగాక. ఆ ఇల్లు మనదే అయ్యే భాగ్యం మనకి కలుగుగాక.

వచ్చే వారం రెండో మెట్టు, కీర్తనం గురించి చెప్పుకుందాం.

శుభం భూయాత్. 🙏